నాలుగో బటన్

"సంతకం పెట్టను," అంది కోడలు.

"పెట్టదు," అంది పక్కనే కూచున్న అత్తగారు, మొదటిసారి వినబడని వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం అన్నట్టు.

టేబులు మీద టైపు చేసిన కాగితం ఉంది. దాని మీద పెన్ను ఉంది. పొద్దుటినుంచీ ఆ రెండింటినీ ఎవరూ ముట్టుకోలేదు. గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. నాలుగింటికల్లా ఆ కాగితం కింద కోడలి సంతకం ఉండాలని కంపెనీ యజమాని గడువు పెట్టాడు. పెడితే, జరిగిన తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు. ఉద్యోగం పోతుంది, ఈ వ్యాపారంలో మళ్లీ ఏ కంపెనీ ఆమెను డెస్కు ముందు కూచోనివ్వదు. పెట్టకపోతే, కావాలనే చేసిందని నాలుగూ ఒకటికి పోలీసులకు ఫిర్యాదు వెళ్తుంది.

తూకం కుర్చీ దగ్గరికి లాక్కుని కూచున్నాడు. అతని అసలు పేరు వేరే. ఇరవై ఏళ్లు కేబుల్ డ్రమ్ములు టోకున అమ్మిన మనిషి. దారిలో మాయమైన డ్రమ్ములను పోలీసులు వెతకడం లేదని తనే వెతకబోయి, ఆ విద్య పట్టుబడి, ఆఖరికి డిటెక్టివుగా తేలాడు. బజారు పెట్టిన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అతని లెక్క చాలా చిన్నది. ఒక పళ్లెం కిందికి దిగిందంటే ఇంకో పళ్లెం పైకి లేచే ఉంటుంది. నష్టపోయినవాడు తనంతట తనే కేకలేస్తాడు. వాణ్ని వెతకనక్కర్లేదు. చడీచప్పుడు లేకుండా లాభపడ్డవాడెవడో చూసుకుంటే పనైపోతుంది.

ఈ పని అతనికి అప్పగించింది అత్తగారే. మధ్యాహ్నం రెండింటికి తలుపు కొట్టి, "తమ్ముడూ, నా కోడలు అబద్ధం ఆడదు. ఆడినా నా దగ్గర దొరికిపోతుంది. పద," అంది. అంతే, ఇంకో మాట లేదు.

"మొన్న పొద్దుటినుంచి చెప్పు తల్లీ," అన్నాడు తూకం. "జరిగింది చెప్పు. అనుకున్నవి వద్దు."

కోడలు ఎదురుగా ఉన్న స్క్రీన్ల వంక చూసింది. వాటి నిండా పచ్చ చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో లైను. నిజానికి ఆ కంపెనీకి సొంత తీగ గజం కూడా లేదు. దేశదేశాల్లో తీగలు పరిచిన పెద్ద కంపెనీలుంటాయి, వాటిని క్యారియర్లు అంటారు. వాళ్ల దగ్గర లైన్లు టోకున తీసుకుని, ఆ ముక్కలన్నీ కలిపి, బ్యాంకులకూ ఫ్యాక్టరీలకూ ఆసుపత్రులకూ ఒకే లైనులాగా అందించడమే వీళ్ల వ్యాపారం. లైను తెగితే కస్టమరు వీళ్లను తిడతాడు, వీళ్లు క్యారియరును నిలదీస్తారు. ఆ తిట్లు తినేదీ, నిలదీసేదీ ఈ డెస్కు దగ్గరే.

"మందుల కంపెనీకి మనం రెండు లైన్లు ఇచ్చామండీ," అంది కోడలు. "ఒకటి వెడల్పు లైను, అసలుది. రెండోది ఇరుకు, ఆపద వస్తే వాడుకోడానికి. మొన్న పదకొండు నుంచి పన్నెండు దాకా అసలు లైనుకు మరమ్మతు ఉందని క్యారియరు వారం ముందే నోటీసు పంపింది. కస్టమరు సరే అన్నాడు. పదకొండుకి ఐదు నిమిషాలుండగా వాళ్లను ఇరుకు లైను మీదికి మార్చాను."

"ఊఁ."

"పదకొండూ ఎనిమిదికి ఫోనొచ్చింది. నంబరు కనబడలేదు. క్యారియరు నుంచి మాట్లాడుతున్నా అన్నాడు. ఇంగ్లిషే, ఆ దేశం వాళ్ల యాసే. మరమ్మతు రేపటికి వాయిదా పడింది, అసలు లైను వాడేసుకోండి అన్నాడు."

"నమ్మేశావా?"

కోడలికి ఒళ్లు మండింది. "ఎందుకు నమ్ముతానండీ? పదకొండేళ్లయింది ఈ కుర్చీలో. ఇక్కడ మాకు ఒకటే రూలు. బయటినుంచి వచ్చిన ఏ ఫోనునీ నమ్మకూడదు. పెట్టేసి, మనమే తిరిగి చెయ్యాలి. అందుకే ఈ ఫోను మీద ఒక్కో క్యారియరుకి ఒక్కో బటన్ పెట్టారు. ఆ క్యారియరుది నాలుగు. పదకొండూ పదికి నాలుగు నొక్కాను. ఎత్తాడు. అవును, వాయిదా పడింది అన్నాడు. మరమ్మతు నోటీసు నంబరు అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. స్క్రీను మీద లైను పచ్చగానే ఉంది. పదకొండున్నరకి వాళ్ల పెద్ద వేలంపాట ముగుస్తుందనీ, ఇరుకు లైనుతో అవస్థ పడుతున్నారనీ నాకు తెలుసు. అందుకని పదకొండూ పద్నాలుగుకి అసలు లైను మీదికి మార్చేశాను."

"పదకొండూ పదిహేడుకి ఆ లైను చచ్చింది."

ఆ మాట గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. మందుల కంపెనీ తరఫున దర్యాప్తు చేస్తున్న డిటెక్టివు అక్కడ నిలబడి ఉన్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ కోటు గుండీ విప్పని మనిషి. అతన్ని అందరూ కోటు అనే పిలుస్తారు, ఎదురుగా తప్ప. తూకం ఎదురుగానే పిలుస్తాడు.

"రావయ్యా కోటూ," అన్నాడు తూకం. "నీ కథ కూడా వింటాను. కూచో."

"నాది కథ కాదు, కాగితాలు." కోటు కూచోలేదు. "మరమ్మతు వాయిదా పడనే లేదు. వాళ్ల మనుషులు ఎప్పటిలాగే పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టారు, అంతే. ఈవిడ కస్టమరును తీసుకెళ్లి తెగబోయే లైను మీద కూచోబెట్టింది. వేలం పదకొండున్నరకి ముగిసింది. మా వాళ్ల ఆఖరి ధర అవతలికి చేరనే లేదు. ఏడాది మందుల సరఫరా కాంట్రాక్టు ఇంకొకడు ఎగరేసుకుపోయాడు. లైను మళ్లీ లేచేసరికి పదకొండూ నలభై ఒకటి."

"వెంటనే వెనక్కి మార్చొచ్చుగా?" అన్నాడు తూకం కోడలితో.

"కస్టమరు దగ్గరున్న పెట్టెకి నేనిచ్చే ఆర్డరు కూడా ఆ లైను మీదే వెళ్లాలండీ. గోడెక్కాక నిచ్చెన లాగేసినట్టయింది. వాళ్ల ఫ్యాక్టరీలో ఎవరో పరిగెత్తి పెట్టె దగ్గరికెళ్లి చేత్తో మార్చేదాకా నేను చేతులు కట్టుకుని చూడాల్సొచ్చింది."

కోటు రెండు కాగితాలు టేబులు మీద పరిచాడు. "ఇది ఫోను బిల్లు. మొన్న పదకొండూ పదికి ఈ ఆఫీసు నుంచి ఆ దేశానికి ఒక్క కాలూ వెళ్లలేదు. మొదటి కాలు పదకొండూ ఇరవై రెండుకి, కొంప మునిగాక. ఇది రికార్డింగుల జాబితా. ఈ డెస్కుకి బయటినుంచి వచ్చేవీ బయటికి పోయేవీ అన్నీ రికార్డవుతాయి. పదకొండూ ఎనిమిదికి వచ్చింది ఉంది. పదకొండూ పదికి చేసింది లేదు. బిల్లులో లేదు, రికార్డులో లేదు. ఉన్నది ఈవిడ నోట్లో ఒక్కచోటే."

"నా నోట్లో ఉన్నదే నిజం," అంది కోడలు.

"రూలు పాటించలేదు. ఇప్పుడు భయపడి అల్లుతోంది."

"భయపడ్డవాళ్లు సంతకం పెట్టేస్తారు బాబూ," అంది అత్తగారు. "మా పిల్లని చూస్తే నీకు అలా కనబడుతోందా?"

కోటు ఆమె మాట చెవిన వేసుకోకుండా తూకం వైపు తిరిగాడు. "పన్నెండు ఊళ్లలో ఆఫీసులున్న ఏజెన్సీ మాది. రెండు రోజుల్లో తేల్చేశాం. మీరు ఒక్కరు వచ్చి గంటలో ఏం పీకుతారు?"

"మీ ఆఫీసులు పన్నెండు ఊళ్లలో ఉన్నాయి. నా కళ్లు రెండూ ఒకే చోట ఉన్నాయి." తూకం బిల్లు చేతిలోకి తీసుకుని, పదకొండూ ఇరవై రెండు అని ఉన్న వరుస మీద గోరు ఆనించాడు. "తల్లీ, ఇది ఎవరికి చేశావు?"

"లైను పోయాక మళ్లీ నాలుగే నొక్కానండీ. ఈసారి వేరే మనిషి ఎత్తాడు. వాయిదా ఏమిటి, మా దగ్గర్నుంచి ఎవరూ ఫోను చెయ్యలేదే అన్నాడు."

"అదే బటనా? చెయ్యి జారి పక్కది నొక్కలేదు కదా?"

"కళ్లు మూసుకుని నొక్కుతానండీ. అదే."

"పన్నెండు నిమిషాల తేడాలో ఒకే బటన్ ఇద్దరి దగ్గరికి వెళ్లిందన్నమాట." తూకం గడ్డం గీరుకున్నాడు. సరుకు ఒకటే, అంగడి ఒకటే, తూచిన ప్రతిసారీ బరువు మారుతోందంటే తప్పు సరుకుది కాదు. ఎవరో త్రాసు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ఇంకా తేలలేదు.

అత్తగారు కోడలి భుజం తట్టింది. "రింగెలా వచ్చిందే?"

"ఏంటత్తయ్యా?"

"మొన్న నాలుగు నొక్కావు కదా. వాడు ఎత్తేలోపల నీ చెవిలో రింగు ఎలా వినబడింది?"

కోటు పకపకా నవ్వాడు. అత్తగారు అతని వైపు చూడకుండా, "ముప్ఫై ఒక్కేళ్లు ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేశాను నాయనా," అంది. "మనం ఫోను చేసినప్పుడు మన చెవిలో మోగే రింగు మన ఫోను చేసేది కాదు. అవతలి ఎక్స్‌ఛేంజి పంపేది. ఒక్కో దేశానిది ఒక్కో తీరు. మన ఊళ్లోది జంటగా మోగుతుంది, రెండేసి. ఆ క్యారియరు వాళ్ల దేశంలోది ఒంటి రింగు. పొడుగ్గా సాగి, ఆగి, మళ్లీ పొడుగ్గా సాగుతుంది. ఆఫీసు లోపల ఒక గదినుంచి ఇంకో గదికి చేస్తే ఆ ఆఫీసు సొంత ఎక్స్‌ఛేంజి పెట్టె మోగించే రింగు ఇంకో తీరు. పెళ్లయి ఈ పిల్ల మా ఇంటికొచ్చిన కొత్తలో వంటింట్లో కూచోబెట్టి ఇవన్నీ నోటితో మోగించి వినిపించేదాన్ని. మా అబ్బాయి మా ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నాడు."

కోడలు కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచేసరికి ఆ ముఖంలో రంగు మారింది.

"పొట్టివి," అంది మెల్లిగా. "మూడేసి, గబగబా. లోపలి రింగు అత్తయ్యా! ఎనిమిది పనులు నెత్తిమీదున్నాయి, పట్టించుకోలేదు. ఇరవై రెండుకి చేసినప్పుడు మాత్రం పొడుగ్గా సాగింది."

"బాగుంది," అన్నాడు కోటు. "కోర్టులో జడ్జిగారికి అత్తాకోడళ్లు నోటితో రింగులు వినిపిస్తారు కాబోలు."

"నువ్వే పరీక్ష పెట్టు," అన్నాడు తూకం. "ఆమె గోడవైపు తిరిగి కూచుంటుంది. ఈ డెస్కు ఫోను మీద నంబరు నువ్వు నొక్కు. రిసీవరు ఆమె చెవికి పెట్టు. ఎవరైనా ఎత్తకముందే ఆమె చెప్పాలి. ఒక్కటి తప్పినా నేను సంచీ సర్దుకుని మెట్లు దిగిపోతాను."

"దిగిపోతే ఈవిడ సంతకం?"

"అది నా చేతిలో లేదు. నా చేతిలో లేనిది పందెం కాయను."

కోటు ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే బెదిరినట్టుంటుందని ఒప్పుకున్నాడు. మొదట కింద రిసెప్షనుకు చేశాడు. "లోపలిది," అంది కోడలు. తన సెల్లుకే చేసుకున్నాడు. "ఊళ్లోది." నాలుగో బటన్ నొక్కాడు. "దేశం దాటింది. నాలుగే కదా? ఇప్పుడు సరిగ్గానే వెళ్తోంది." మళ్లీ లోపలిది, మళ్లీ ఊళ్లోది. ఆరోసారి కోటు కాస్త ఆలోచించి, దొంగచూపులు చూస్తూ ఏదో నంబరు నొక్కాడు.

కోడలు చాలాసేపు విన్నది. నుదురు ముడిపడింది. కోటు పెదవి మీద నవ్వు మొలిచింది.

"నంబరు ఇక్కడిదే నొక్కారు, పది అంకెలే వినబడ్డాయి," అంది కోడలు గోడకేసి చూస్తూనే. "కాని మనిషి ఇక్కడ లేడు. దేశం బయట ఎక్కడో ఉన్నాడు. ఆ ఊరిది కూడా ఒంటి రింగే."

కోటు రిసీవరు పెట్టేశాడు.

"ఎవరు?" అన్నాడు తూకం.

"మా ఆఫీసు మనిషి. నిన్న విమానం ఎక్కాడు."

అత్తగారు చీర కొంగు సర్దుకుంది. అది చూసి కోటుకు ఇంకా మండింది.

తూకం లేచి ఆ రెండు కాగితాలనూ మడిచి కోటు చేతిలో పెట్టాడు. "ఇవి భద్రంగా దాచు. ఈ అమ్మాయిని దోషి చెయ్యడానికి తెచ్చావు గాని, ఈమె తరఫు సాక్ష్యం ఇంతకంటే గట్టిది నాకు దొరకదు. బిల్లులో ఎందుకు లేదు? రికార్డులో ఎందుకు లేదు? గేటు దాటని సరుకుకు గేటు పాసు ఎవడు రాస్తాడు? ఆమె ఫోను చేసింది. ఆ ఫోను ఈ భవనం దాటలేదు. నాలుగో బటన్‌ను ఎవరో లోపలి ఫోనుకు మళ్లించారు. పని అయ్యాక మళ్లీ మామూలుగా పెట్టేశారు. ఆమెతో మాట్లాడిన క్యారియరు మనిషి ఇక్కడే కూచుని మాట్లాడాడు."

కోటు కాగితాల వంక కొత్తగా చూశాడు. మొండివాడే గాని మూర్ఖుడు కాదు. "బటన్ ఎవరు మారుస్తారు? ఎక్స్‌ఛేంజి పెట్టె ఉన్న గదికి తాళం ఉంటుంది. ఆ తాళం రిజిస్టరు నేను చూశాను. వారం రోజులుగా ఎవరూ తీసుకోలేదు."

"పెట్టె దాకా ఎందుకు వెళ్లడం?" అంది అత్తగారు. "ఈ రకం పాత పెట్టెలన్నిటికీ ఒక ఆపరేటరు సెట్టు, అంటే పెద్ద ఫోను, ఉంటుంది. కోడు కొడితే దాని మీదినుంచే అన్నీ మార్చొచ్చు. మీ ఆపరేటరు సెట్టు ఎక్కడే?"

"రిసెప్షన్‌లో ఉండేది అత్తయ్యా. కొత్త టేబులు వేసినప్పుడు అందంగా లేదని తీసేశారు." కోడలు నేల వైపు వేలు చూపించింది. "తీసి, కింద అంతస్తులో విజిటర్ల గదిలో పెట్టారు."

అప్పుడు మూడూ ముప్ఫై ఆరు.

విజిటర్ల గది చిన్నది. రెండు సోఫాలు, మధ్యలో గాజు బల్ల, గోడకు ఒక క్యాలెండరు. మూల చిన్న స్టూలు మీద నల్లటి ఫోను, మామూలు ఫోనుకు రెండింతల వెడల్పు. పక్కన వరుసగా బటన్లు, పైన సన్నటి అద్దపు పట్టీ, దాంట్లో పచ్చటి అక్షరాలు. ఎవరూ ముట్టుకోని స్టూలు మీద మందంగా దుమ్ముంది. ఫోను కాళ్లు నాలుగింటి పక్కనా ఆ దుమ్ము అరంగుళం మేర చెరిగింది. సోఫాలో కూచున్నవాడి చేతికి అందేలా ఎవరో దాన్ని ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పారు.

తూకం వంగి చూశాడు, ముట్టుకోలేదు. "కోటూ, నీ ఫోనుతో ఫొటోలు తీయి. నాది పాతది. పైగా నీ ఫొటో అయితే నీ వాళ్లు కాదనలేరు."

కోటు ఎదురు చెప్పకుండా తీశాడు.

అత్తగారు స్టూలు ముందు వంగి కూచుంది. కళ్లజోడు పెట్టుకుని, జేబురుమాలు వేలికి చుట్టుకుని, రెండు బటన్లు కలిపి నొక్కింది. "మార్చాలంటే కోడు కావాలి. ఆఖరున ఏం మార్చారో చూడ్డానికి అక్కర్లేదు. మా రోజుల్లో షిఫ్టు దిగే ముందు ఇది చూసుకుని, రాసి సంతకం పెట్టి వెళ్లేవాళ్లం."

అద్దపు పట్టీలో అక్షరాలు కదిలాయి. ఆమె ఒక్కొక్కటే చదివింది. కోడలు కాగితం మీద రాసుకుంది. కోటు ఫొటో తీశాడు.

మొన్నటి తేదీ. పదీ యాభై ఎనిమిది, నాలుగో బటన్, ఈ సెట్టుకే మళ్లింపు. పదకొండూ ఇరవై ఒకటి, నాలుగో బటన్, పాత నంబరు తిరిగి పెట్టడం.

"నేను ఇరవై రెండుకి నొక్కాను," అంది కోడలు. "ఒక్క నిమిషం ముందు. ఒక్క నిమిషం ముందు తీసేశాడు."

"ఇరవై మూడు నిమిషాలు ఈ గదిలో కూచున్నవాడెవడు?" తూకం అప్పటికే గుమ్మం దాటాడు. రిసెప్షనిస్టు కాదనేలోపలే విజిటర్ల పుస్తకం చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. తెరిచి, మొన్నటి పేజీ కోటు ముందు పెట్టాడు. "నువ్వే చదువు. నేను చదివితే కథంటావు."

కోటు చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ పొద్దున పదీ నలభై నుంచి పదకొండూ ఇరవై ఐదు దాకా ఆ గదిలో కూచున్నది ఒకే ఒక్క మనిషి. మందుల కంపెనీ నెట్‌వర్కు మేనేజరు. మూడు నెలలకోసారి జరిగే సమీక్షకు వచ్చాడని పక్కన రాసి ఉంది. కోటును ఈ పనికి పెట్టుకున్నదీ, సంతకం చేసిన కాగితం లేకుండా ఇవాళ ఇక్కణ్నుంచి కదలనని భీష్మించుకుని పై అంతస్తులో యజమాని గదిలో కూచున్నదీ ఆ మేనేజరే.

"ఆయనతో నువ్వెప్పుడైనా మాట్లాడావా?" అన్నాడు తూకం.

"లేదండీ. కొత్తగా చేరాడు. అన్నీ మెయిళ్లే. పోయిన నెల మా పద్ధతులన్నీ తనిఖీ చెయ్యాలన్నాడు. తిరిగి ఫోను చేసే రూలు, బటన్లు, అన్నీ నేనే రాసి పంపాను." కోడలు పళ్లు బిగించింది. "నా చేత్తోనే పంపాను."

కోటు సోఫా చేతి మీద కూలబడ్డాడు. "సొంత కంపెనీ వేలం సొంత మనిషే..."

"వేలం పాడుకున్న రెండోవాడు ఊరికే పాడుకోలేదు. ఆ పళ్లెం పైకి లేచింది కదా, అక్కడ వెతుకు." తూకం అతని వంక సూటిగా చూశాడు. "నిన్ను పెట్టుకున్నది ఆయన. నీ రిపోర్టు ఆయనకే ఇవ్వాలి. ఏం చేస్తావో నీ ఇష్టం. నేను అడగను."

"మీరు నాకు నీతులు చెప్పక్కర్లేదు." కోటు ముఖం కందగడ్డలా ఉంది. "నన్ను ఎడ్డివాణ్ని చేసి, నా కాగితాలతో ఈ అమ్మాయిని కట్టేద్దామనుకున్నాడు. రిపోర్టు వాళ్ల కంపెనీ డైరెక్టరుకు వెళ్తుంది. వాడి చేతికి కాదు."

"అయితే సరే." తూకం కళ్లు మళ్లీ ఫోను మీద పడ్డాయి. లెక్క ఇంకా సరిపోలేదు. మేనేజరు బయటివాడు. రూలు తెలుసు, బటన్ నంబరు తెలుసు. మార్చడానికి కోడు కావాలి కదా, అది వాడికి ఎవరు చెప్పారు? సమీక్షకు పదీ నలభైకి వచ్చిన కస్టమరును, అందులోనూ ఇంత పెద్ద కస్టమరును, ముప్పావుగంట ఒంటరిగా ఎవరు కూచోబెట్టారు?

"అక్కయ్యా, ఏ కోడుతో మార్చారో అందులో కనబడుతుందా?"

"కనబడాలి. రెండు కోడులుంటాయి. రిపేరువాడిది ఒకటి, మాస్టరుది ఒకటి." ఆమె ఇంకో బటన్ నొక్కి, పట్టీ దగ్గరికి ముఖం పెట్టింది. "మాస్టరుది."

"మాస్టరు కోడు ఎవరి దగ్గరుంటుంది తల్లీ?"

కోడలు పదకొండేళ్లుగా తనకు జీతమిచ్చిన మనిషిని తలుచుకుంటూ మెట్ల వైపు చూసింది. "ఓనరు గారి దగ్గర. సీలు వేసిన కవర్లో. ఇంకెవరికీ తెలియదు."

తూకం కింది పెదవి మెల్లగా కొరుక్కున్నాడు. ఇందాక డెస్కు దగ్గర టేబులు మీద తను చదివిన కాగితంలో ఆఖరి వాక్యం, 'ఇది పూర్తిగా ఉద్యోగి పొరపాటు మాత్రమే' అన్నది, మనసులో మెదిలింది. కాగితం పైన కస్టమరు చిరునామా లేదు, బీమా కంపెనీ చిరునామా ఉంది. అప్పుడు వింతగా అనిపించింది, ఇప్పుడు వింత లేదు. ఉద్యోగి పొరపాటైతే కస్టమరుకు ఇవ్వాల్సిన నష్టపరిహారం బీమావాళ్లు భరిస్తారు. కంపెనీ పైవాళ్లే కావాలని చేసిందైతే చిల్లిగవ్వ రాదు. యజమానికి ఈ సంతకం కస్టమరును చల్లబరచడానికి కాదు కావలసింది. వేలం దగ్గర ఒక వాటా, బీమా దగ్గర ఒక రక్షణ. ఆ రెండింటికీ మధ్య ఆనకట్టగా ఈ పిల్ల పేరు.

స్టూలు మీది ఫోను మోగింది. మూడు పొట్టి రింగులు. ఆగి, మళ్లీ మూడు.

నలుగురూ దాని వంకే చూశారు. అద్దపు పట్టీలో ఒకటో నంబరు వెలిగింది. తూకం స్పీకరు బటన్ నొక్కాడు.

"తూకం గారూ." యజమాని గొంతు ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా ఉంది. "మా రిసెప్షనిస్టు చెప్పింది, విజిటర్ల పుస్తకం తీసుకెళ్లారట. ఆ సెట్టు కూడా ముట్టుకుంటున్నారట. ఎందుకండీ మీకీ శ్రమ? మూడూ యాభై రెండయింది. అమ్మాయిని పైకి పంపండి. సంతకం పెడితే నేనే దగ్గరుండి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం ఇప్పిస్తాను. ఫిర్యాదూ ఉండదు, ఏమీ ఉండదు. లేదంటే, ఈ భవనం నాది, ఆ సెట్టు నాది, పుస్తకం నాది. మీరు బయటికి వెళ్లేటప్పుడు ఇవేవీ మీతో రావు. ఆలోచించుకోండి."

తూకం నోరు తెరిచాడు. అతనికంటే ముందు కోడలు వచ్చి ఫోను మీదికి వంగింది.

"సార్, నేనండీ. పదకొండేళ్లు మీ డెస్కు ముందు కూచుని, ఏ దేశంలో లైను తెగినా మీకంటే ముందు నిద్ర లేచినదాన్ని. పదీ యాభై ఎనిమిదికి మీ మాస్టరు కోడు ఈ సెట్టు మీద కొట్టారు. అద్దంలో కనబడుతోంది. ఫొటో తీశాం. ఆ ఫొటో ఇప్పటికే..." ఆమె కోటు వంక చూసింది.

కోటు తన ఫోను పైకెత్తి చూపిస్తూ, "పన్నెండు ఊళ్లకీ వెళ్లిపోయింది," అన్నాడు స్పీకరుకు వినబడేలా. నిజానికి అతని వేలు అప్పుడే పంపే బటన్ మీద పడింది.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. వెనకనుంచి ఇంకో గొంతు, తగ్గు స్వరంతో, ఇంగ్లిషులో ఏదో గబగబా అంది. కోడలి వేళ్లు స్టూలు అంచును పట్టుకున్నాయి.

"వాడే," అంది. "మొన్న నాతో మాట్లాడింది వాడే."

"పైకి రామ్మా," అన్నాడు యజమాని. ఈసారి మెత్తదనం లేదు.

"నేను రాను సార్. చెప్పదలచుకున్నది ఉంటే మీరే దిగి రండి. ఆయన్ని కూడా వెంటబెట్టుకు రండి. మేం ఇక్కడే ఉంటాం, ఈ సెట్టు పక్కనే."

లైను తెగింది. అద్దపు పట్టీలో ఒకటో నంబరు ఆరిపోయింది.

కోటు లేచి గది తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడ్డాడు. తూకం విజిటర్ల పుస్తకం తన ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూచున్నాడు. అత్తగారు ఫోను తీగ గోడలోకి వెళ్లే చోట కాలు అడ్డం పెట్టి, ఎవడు పీకుతాడో చూస్తానన్నట్టు నిలబడింది. కోడలు ఒక్క కుర్చీ లాక్కుని, సరిగ్గా తలుపుకు ఎదురుగా వేసుకుని, కూచుంది.

పైన ఎక్కడో తలుపు ధడాలున తెరుచుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వేగంగా దిగుతోంది. ఇద్దరివి కావు. నలుగురైదుగురివి.